పిల్లలతో కలిసి గురుడి వెంట

మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఒక పాత ల్యాప్‌టాప్ కనిపిస్తుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే అన్నయ్య కొత్తది కొనుక్కుని తమ్ముడికి పంపినది కావచ్చు, కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పోసప్పో చేసి కొన్నది కావచ్చు. సినిమాలకూ ఆటలకూ తప్ప దానికి పెద్దగా పని ఉండదు. "ఎంతసేపూ దాని ముందేనా?" అని పిల్లల మీద విసుక్కునే తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. సూర్యుడినీ గ్రహాలనూ చందమామలనూ ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి చూడొచ్చు. డబ్బు ఖర్చు లేదు. కానీ మీరు పక్కన కూర్చోవాలి. అప్పుడప్పుడు పిల్లల్ని లేవదీసి డాబా మీదికి తీసుకెళ్ళాలి. ఈ రెండూ జరగకపోతే అది కూడా మరో ఆటగా మిగిలిపోతుంది.

నేను చెప్పేవి రెండు సాఫ్ట్‌వేర్లు. స్టెల్లేరియం, సెలెస్టియా. మొదటిదాన్ని ఫాబియన్ షెరో 2000లో మొదలుపెట్టారు, రెండోదాన్ని క్రిస్ లారెల్ 2001లో విడుదల చేశారు. అప్పటి నుంచీ ఎందరో స్వచ్ఛందంగా వాటిని మెరుగు పరుస్తూ, అందరికీ ఉచితంగా ఇస్తూ వచ్చారు. రెండింటికీ తేడా ఉంది. మీ ఊళ్ళో నిలబడి తల పైకెత్తితే ఏం కనిపిస్తుందో స్టెల్లేరియం చూపిస్తుంది. సెలెస్టియా మిమ్మల్ని భూమి మీద నుంచి లేపి బయటికి తీసుకెళుతుంది. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే దించుకోండి. వెతికినప్పుడు అదే పేరుతో కనిపించే వేరే డౌన్‌లోడ్ బటన్ల జోలికి పోవద్దు. యంత్రం మరీ పాతదై తడబడుతుంటే పాత వెర్షన్ వేసుకోండి, పిల్లల అవసరానికి అది సరిపోతుంది. స్టెల్లేరియంలో ఎఫ్6 మీట నొక్కి ముందుగా మీ ఊరు పెట్టండి. ఊరి పేరు దొరక్కపోతే అక్షాంశ రేఖాంశాలు ఇవ్వొచ్చు. రాజమండ్రికి సుమారుగా 17 డిగ్రీల ఉత్తరం, 81.8 డిగ్రీల తూర్పు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు సంగతి. "ఇదిగో శని, ఇదిగో యురేనస్" అని చూపిస్తూ పోతే పిల్లలు కాసేపు నోరు తెరుచుకుని చూస్తారు, తర్వాత ఇంకేముంది అంటారు. వాళ్ళ మనసులో ముందు ఒక ప్రశ్న ఉండాలి. మన నేల మీద అలాంటి ప్రశ్న సిద్ధంగానే ఉంది: గోదావరికి పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారే ఎందుకు వస్తాయి?

గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి పుష్కరమని, ఆ మరుసటేడు కన్యలోకి వస్తే కృష్ణకు అని ఇంట్లో తాతగారో మామ్మగారో చెప్పే ఉంటారు. ఆ మాటను సెలెస్టియాలో కళ్ళతో చూడొచ్చు. హెచ్ నొక్కి, తర్వాత జి నొక్కితే సూర్యుడి దగ్గరికి వెళతారు. ఎండ్ మీట నొక్కి పట్టుకుని బాగా దూరం జరగండి, పై నుంచి చూస్తున్నట్టు తిప్పుకోండి. ఓ నొక్కితే గ్రహాల దారులు గీతలుగా కనిపిస్తాయి. ఎల్ నొక్కిన ప్రతిసారీ కాలం పది రెట్లు వేగం అందుకుంటుంది, కె నొక్కితే అంతే తగ్గుతుంది. ఇప్పుడు గురుడు ఒక చుట్టు పూర్తి చేసేలోగా భూమి ఎన్ని చుట్లు తిరుగుతుందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. మీరు చెప్పొద్దు. వాళ్ళే లెక్కపెట్టి "దగ్గర దగ్గర పన్నెండు" అన్నప్పుడు ఆ సంఖ్య వాళ్ళ సొంతమవుతుంది.

దగ్గర దగ్గర పన్నెండే, సరిగ్గా పన్నెండు కాదు. గురుడి చుట్టుకు పట్టేది 11.86 ఏళ్ళు. అంటే పన్నెండేళ్ళు గడిచేసరికి ఒక చుట్టు పూర్తయి, ఇంకో నాలుగు డిగ్రీలు ముందుకు వెళ్ళి ఉంటాడు. అందుకే పుష్కరాల తేదీలు ప్రతిసారీ కొంచెం ముందుకు జరుగుతాయి. 2003లో జులై 30న మొదలయ్యాయి, 2015లో జులై 14న. ఈసారి 2027లో జూన్ 26 నుంచి జులై 7 వరకు అని ప్రభుత్వం ప్రకటించింది. పాత ఫోటోల్లోనో ఇంట్లో దాచిన పంచాంగాల్లోనో ఈ తేదీలు వెతికి పెట్టడం పెద్దవాళ్ళకు ఇష్టమైన పని. వాళ్ళకు ఆ పని అప్పగించండి, తేడాకు కారణం పిల్లలు చెబుతారు.

2027 పుష్కరాల్లో ఇంకో విశేషం ఉంది. నా దృష్టిలో ఇది ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మ కన్నా గొప్ప పాఠం. స్టెల్లేరియంలో తేదీని 2026 అక్టోబరు నెలాఖరుకు పెట్టండి. జి నొక్కి నేలను, ఏ నొక్కి వాతావరణాన్ని తీసేయండి, అప్పుడు పగలైనా చుక్కలు కనిపిస్తాయి. గురుడిని మధ్యలో పెట్టుకుని, ఒక్కో రోజే ముందుకు జరపండి. పంచాంగ లెక్కన అక్టోబరు 31 ప్రాంతంలో గురుడు సింహంలోకి అడుగుపెడతాడు. మఖ నక్షత్రం వైపు నడుస్తాడు. దాన్ని చేరకుండానే డిసెంబరు రెండో వారంలో ఆగిపోతాడు, వెనక్కి తిరుగుతాడు! 2027 జనవరి నెలాఖరుకు మళ్ళీ కర్కాటకంలో ఉంటాడు. ఏప్రిల్ మధ్యలో మరోసారి ఆగి, ముందుకు కదిలి, జూన్ చివరి వారంలో రెండోసారి సింహంలోకి వస్తాడు. పుష్కరాలు నిర్ణయించింది ఈ రెండో రాకకే. మొదటిసారి వచ్చినప్పుడే ఎందుకు చేయలేదని పిల్లలు అడిగితే, గురుడు మళ్ళీ వెనక్కి వెళ్ళాడు కదా అని ఆకాశమే చూపించండి. ముహూర్తం తేల్చే శాస్త్రం పండితులది. గ్రహం నడక మాత్రం ఎవరైనా చూడొచ్చు.

ఇంతకీ గురుడు నిజంగా వెనక్కి నడుస్తాడా? ఈ ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చేదాకా ఆగండి. వచ్చాక మళ్ళీ సెలెస్టియా తెరవండి, పై నుంచి చూడండి. గురుడు ఎక్కడా ఆగడు, వెనక్కి తిరగడు. లోపలి దారిలో వేగంగా వెళ్ళే భూమి, బయటి దారిలో నిదానంగా వెళ్ళే గురుడిని దాటుకుపోతుంది. దాటే ఆ నాలుగు నెలలూ మన కంటికి గురుడు వెనక్కి జరుగుతున్నట్టు కనిపిస్తాడు. పదమూడు నెలలకొకసారి ఇది జరుగుతూనే ఉంటుంది. పంచాంగంలో వక్రగతి అని రాసేది దీన్నే. ఒకే సంగతిని భూమి మీద నుంచి ఒకసారి, భూమిని వదిలి ఒకసారి చూడగలగడం, దాని కోసమే ఈ సాఫ్ట్‌వేర్లు ఇంట్లో ఉండాలంటాను.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, ముందే తెలిసి ఉంటే మంచిది. తెర మీద గురుడు సింహం హద్దులోకి వచ్చే తేదీ, పంచాంగంలోని తేదీ కలవవు. పంచాంగం ఆకాశాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఒక్కో రాశికి 30 డిగ్రీలు. స్టెల్లేరియం గీసే హద్దులు అంతర్జాతీయ ఖగోళ సంఘం 1930లో ఖాయం చేసినవి, వాటిలో కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. గురుడున్న చోటు ఒకటే, హద్దులు గీసిన తీరు వేరు. దయచేసి దీన్ని తాతగారికీ కంప్యూటర్‌కీ మధ్య తగువుగా మార్చకండి. ఎవరు తప్పో తేల్చమని పిల్లల్ని నడిమధ్య నిలబెట్టకండి. పంచాంగ గణితం తెలిసిన కుటుంబంలో పుట్టిన చింతామణి రఘునాథాచారి మద్రాసు వేధశాలలో దుర్భిణి వెనక పనిచేశారు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వనపర్తి నుంచి పరిశీలించారు. కంటితో చూసినదానికి సరిపడేలా లెక్కలు సవరించి దృగ్గణిత పంచాంగం ప్రచురించారు. రెండు విద్యలూ ఒక మనిషిలో ఇమిడాయి, ఒక ఇంట్లో ఇమడవా?

ఆ తేదీని కూడా పిల్లల చేత పెట్టించండి. 1868 ఆగస్టు 18, ఊరు గుంటూరు. పట్టపగలు సూర్యుడు నల్లబడతాడు. ఆ రోజు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనే ఉన్నాడు. ఆ గ్రహణంతో మొదలైన పరిశీలనల్లోనే హీలియం అనే కొత్త మూలకం బయటపడింది. తర్వాత 1874 డిసెంబరు 9, ఊరు విశాఖపట్నం. శుక్రుడు చిన్న నల్ల చుక్కలా సూర్యబింబం మీదుగా దాటిపోతాడు. విశాఖలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా కట్టుకున్న వేధశాల నుంచి, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని పరిశీలించారు. మన తీరంలోనే, ఒక ఇంటివాళ్ళు తమ ఇష్టం కొద్దీ ఆకాశాన్ని కొలిచారు. ఈ సంగతి పిల్లలకు తెలియాలి.

సాఫ్ట్‌వేర్ తప్పుదోవ పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. గ్రహాల దారుల్లో గీతలేమీ ఉండవు, అవి మనకోసం గీసినవని చెప్పాలి. దూరాల సంగతి మరీ కష్టం. పుస్తకాల్లో, గోడ పటాల్లో గ్రహాలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. సెలెస్టియా నిజమైన కొలతలతో చూపిస్తుంది కాబట్టి కొంచెం దూరం జరగగానే గ్రహాలన్నీ చుక్కలైపోతాయి, పిల్లలు "ఏమీ కనిపించట్లేదు" అంటారు. అప్పుడు వాళ్ళను రాజమండ్రి రోడ్డు కమ్ రైలు వంతెన మీదికి తీసుకెళ్ళండి. 1974లో మొదలైన ఈ వంతెన మీద రోడ్డు సుమారు 4.1 కిలోమీటర్లు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక కిలోమీటరు అనుకుందాం. రాజమండ్రి కొసన సూర్యుడు, మూడంతస్తుల మేడంత, 9.3 మీటర్లు. అక్కడి నుంచి 390 మీటర్ల దగ్గర బుధుడు, 720 మీటర్ల దగ్గర శుక్రుడు. కిలోమీటరు నడిస్తే భూమి, 8.5 సెంటీమీటర్లు, ఒక బత్తాయి. దానికి రెండున్నర మీటర్ల దూరంలో ఉసిరికాయంత చందమామ. మనిషి అడుగుపెట్టిన దూరమంతా ఆ రెండున్నర మీటర్లే. కిలోమీటరున్నర దగ్గర కుజుడు. గురుడు ఈ వంతెన మీద పట్టడు, కొవ్వూరు వైపు దిగి ఇంకో కిలోమీటరు పోవాలి. నెప్ట్యూన్ ముప్ఫై కిలోమీటర్లు, అంటే రాజమండ్రి నుంచి రావులపాలెం దరిదాపుల్లో. మధ్యలో ఉన్నదంతా ఖాళీ. బస్సులో వంతెన దాటేటప్పుడు కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి చెప్పినా చాలు.

ఆ ఖాళీని ఇంట్లోనే తెలుసుకునే దారి ఇంకొకటుంది. సెలెస్టియాలో సూర్యుడి దగ్గర నుంచి భూమి వైపు తిరిగి ఎఫ్4 నొక్కితే కాంతి వేగంతో ప్రయాణం మొదలవుతుంది. భూమిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు. తెర మీద చాలాసేపు ఏమీ జరగదు. మాట్లాడకుండా పిల్లల పక్కన కూర్చుని ఆ ఎనిమిది నిమిషాలూ వేచి ఉండండి. నెప్ట్యూన్‌కైతే నాలుగు గంటలకు పైమాటే. కాంతి వేగం అంకెలను బట్టీ పట్టడం వేరు, కాంతి కోసం ఎదురుచూడటం వేరు.

పెరట్లో చేయాల్సినవి కూడా ఉన్నాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన తుని దగ్గరగా పోతుంది. కాబట్టి గడియారంలో పన్నెండు కొట్టడమూ సూర్యుడు నడినెత్తికి రావడమూ దేశంలో చాలా చోట్ల కన్నా మన దగ్గర ఎక్కువగా కలుస్తాయి. పైగా మనం కర్కటరేఖకు దక్షిణాన ఉన్నాం కనుక ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు. రాజమండ్రికి మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 5 ప్రాంతంలో మరోసారి. అమలాపురం, భీమవరం వాళ్ళకు మేలో ఒకటి రెండు రోజులు ముందే. స్టెల్లేరియంలో మీ ఊరు పెట్టి ఆ రోజు సూర్యుడి ఎత్తు 90 డిగ్రీలకు ఎప్పుడు చేరువవుతుందో పిల్లల చేత చూపించుకోండి, కాగితం మీద రాయించండి. ఆ రోజు ఒక సీసానో నిటారుగా నిలబెట్టిన కర్రనో పెరట్లో పెడితే నీడ మాయమవుతుంది. ఆగస్టులో మబ్బులు అడ్డం రావచ్చు, మేలో చూడటం మంచిది. ఎండ తీవ్రం కాబట్టి కాసేపే చూసి లోపలికి వచ్చేయండి.

సూర్యుడు తల మీదికి వచ్చేది మే మొదట్లోనే అయితే రోహిణి కార్తెలో ఎండలు ఎందుకు మండిపోతాయని అడిగే పిల్లలుంటారు. నేల వేడెక్కడానికి రోజులు పడుతుందని చెప్పండి. తర్వాత రోహిణి కార్తె అంటే ఏమిటో కూడా చూపించండి. మే నెలాఖరు తేదీ పెట్టి వాతావరణాన్ని తీసేస్తే సూర్యుడి దాపున రోహిణి నక్షత్రం కనిపిస్తుంది. పగటి వెలుగులో మనకు ఎన్నడూ కనిపించని దృశ్యం అది. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ నారుమడుల లెక్కలు చెప్పే రైతులు తరతరాలుగా ఆ కనిపించని చుక్కలను గుర్తుపెట్టుకున్నారు. పొలం ఉన్న ఇళ్ళలో ఈ ఒక్క దృశ్యం చూపిస్తే తాతల మాట పిల్లలకు కొత్తగా వినిపిస్తుంది.

మీరు ఎలా కూర్చోవాలో కూడా చెప్పనివ్వండి. అన్నాలయ్యాక ఓ అరగంట చాలు. మౌస్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి. మీకు తెలియనిది అడిగితే "నాకూ తెలీదు, చూద్దాం" అనండి. అలా అన్నందుకు పిల్లల దృష్టిలో మీరు చిన్నవాళ్ళైపోరు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు "శనికి ఎన్ని చందమామలో చెప్పు" అని నిలబెట్టి అడగకండి. ఇప్పటికే బడి, ట్యూషను, ర్యాంకుల మధ్య నలిగే పిల్లలకు పరీక్ష లేని చోటు ఒక్కటైనా ఇంట్లో ఉండాలి. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది. అమ్మాయి అడిగిన ప్రశ్నకూ అబ్బాయి ప్రశ్నకూ ఒకే ఓపిక చూపండి, రాత్రి డాబా మీదికి ఇద్దరినీ తీసుకెళ్ళండి. కొన్నాళ్ళకు ఆసక్తి తగ్గి పక్కన పడేస్తే బతిమాలొద్దు, బెదిరించొద్దు. ఏదో ఒక రోజు మళ్ళీ తెరుస్తారు.

మన దగ్గర వానాకాలమంతా ఆకాశం మూసుకునే ఉంటుంది. ఆ నెలలు తెరకు సరిపోతాయి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా సాయంత్రాలు డాబాకు. రొయ్యల చెరువుల దీపాలున్న ఊళ్ళలో చుక్కలు తక్కువ కనిపిస్తాయి. లంక గ్రామాల్లోనో ఏటిగట్టు మీదో చుట్టాలుంటే అక్కడికి వెళ్ళినప్పుడు చూపించండి.

పుష్కరాల రోజుల సంగతి ఇంకొకటి. 2027 జూన్ చివర్లో గురుడు సూర్యుడికి తూర్పున యాభై డిగ్రీల దూరంలో ఉంటాడు. అంటే పొద్దుగుంకాక పడమటి దిక్కున రెండు మూడు గంటలు నిలిచి ఉంటాడు. రాజమండ్రి ఘాట్లు పడమటికే తిరిగి ఉన్నాయి కదా! స్నానాలైన సాయంత్రం మబ్బు తెరిపి ఇస్తే కొవ్వూరు వైపు ఆకాశంలో మిణుకు లేకుండా వెలిగే చుక్కను వెతకండి. సరిగ్గా ఎక్కడ చూడాలో ముందు రాత్రే పిల్లలు స్టెల్లేరియంలో చూసి పెట్టుకోవచ్చు. జనం ఒత్తిడి ఉన్న ఘాట్ మీద కాదు, వెనకగా ఖాళీ ఉన్న చోట నిలబడి, చెయ్యి వదలకుండా చూపించండి.

పుష్కరాలు అయిన నెలకు, 2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణంగా ఉంటుంది. మన దేశంలో పాక్షికంగా కనిపించే ప్రాంతాలున్నాయి. మీ ఊరు వాటిలో ఉందా, ఉంటే ఎన్ని గంటలకు మొదలవుతుంది, సూర్యుడిలో ఎంత భాగం మూసుకుంటుందని నన్ను అడగకండి, పత్రికల్లో వెతకకండి. పిల్లల్ని అడగండి. స్టెల్లేరియంలో వాళ్ళు కనుక్కుంటారు. సెలెస్టియాలోనైతే చందమామ నీడ భూమి మీద పాకుతూ పోవడం చూపిస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం మీది. సూర్యుడిని నేరుగా చూడనివ్వకండి. ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్ళద్దాలు, పళ్ళెంలో పసుపు నీళ్ళు ఏవీ కళ్ళను కాపాడవు. గ్రహణం కోసమే తయారైన ధ్రువీకరించిన కళ్ళద్దాలు ముందుగా తెప్పించండి. దొరక్కపోతే అట్టముక్కకు గుండుసూదితో రంధ్రం చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, ఎదురుగా తెల్లకాగితం మీద పడే బింబాన్ని చూడొచ్చు. ఆ రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంటే, లెక్క వేసి ఉంచిన వేళకు ల్యాప్‌టాప్ తెరిచి అందరూ కలిసి అందులోనే చూడండి.